బంతిలోని గాలి

కూరలో ఉప్పును చేతి యందాజుతో వేయువారున్నను పసిబిడ్డకు మందును అందాజుతో పోయు తల్లి లేదు. రవికె గుడ్డను అంగుళమున కంగుళము కొలిచిన పిమ్మటనే కత్తెర చేతబట్టుదుము. పెరుగు తోడుపెట్టునపుడు సైతము పాల వేడిమిని వ్రేలితో చూచి, ఎండకాలమున కొక కొలతయు చలికాలమున కొక కొలతయు పాటింతుము. ఇంత జాగ్రత్త గల మన యిండ్లలో పిల్లల యాటబంతి విషయమున మాత్రము కొలత యనునది కానరాదు. బొటనవ్రేలితో నొక్కి చూచి, "మెత్తగా నున్నది, ఇంక నాలుగు పోట్లు కొట్టు" మనుటయు, "రాయివలె నైనది, ఇక చాలు" ననుటయు తప్ప వేఱు లెక్క యెఱుగము. బంతిలో గాలి నింపుటకు గూడ శాస్త్రమా యని నవ్వువారును కలరు.

ఆ బంతి తగిలి కూతురి వ్రేలు వాచినపుడును, వందలు పోసి కొన్న బంతి నెలతిరుగకముందే పొట్లకాయవలె ఒకవైపు సాగిపోయినపుడును, పంక్చరు దుకాణమున ఫట్టున పగిలి పిల్లవాని మొగమునకు ముక్కలు తగిలినపుడును ఆ నవ్వు నిలువదు. బంతిలోని గాలి కొక యంకె కలదు. ఆ యంకె బంతిమీదనే అచ్చువేయబడి యుండును. దానిని చూచి నింపుటకు పెద్ద చదువు గాని పెద్ద ఖర్చు గాని అక్కఱలేదు. ఈ మాసము మా సోదరీమణులకు ఈ చిన్న సంగతి వివరింపదలచితిమి. బంతులు పలురకములు గలవు గాని, మన బాలికలు పాఠశాలలలో ఆడుచున్న బాస్కెట్‌బాలునే ముఖ్యముగా గైకొందుము.

ఆట పుట్టిన విధము

ఈ యాట 1891వ సంవత్సరము డిసెంబరు మాసమున, అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమందలి స్ప్రింగుఫీల్డు పట్టణమున పుట్టినది. అచటి వై.యం.సి.ఏ. శిక్షణాలయమున వ్యాయామోపాధ్యాయుడుగా నుండిన జేమ్సు నెయిస్మిత్ అను కెనడా దేశీయుడు, మంచు కురియు దినములలో యువకులు నాలుగు గోడల నడుమ ఆడుకొనదగిన యాట నొకదానిని కల్పింపబూనెను. అతడు పీచుపండ్ల బుట్టలు రెండింటిని గది కిరువైపుల 10 అడుగుల యెత్తున కొట్టించి, ఫుట్‌బాలు బంతి నొకదానిని తెప్పించి, 13 నియమములు వ్రాసి గోడకంటించెను. బుట్టలు పోయి యినుపవలయములు వచ్చినవి గాని ఆ 10 అడుగుల యెత్తు నేటికిని మాఱలేదు.

మఱుసటి సంవత్సరముననే యీ యాట స్త్రీల చేతికి వచ్చుట గమనింపదగిన విషయము. ఆ రాష్ట్రముననే స్మిత్ కళాశాల యను స్త్రీవిద్యాలయమున వ్యాయామము నేర్పుచుండిన సెండా బెరెన్సన్ అను నామె 1892లో దీనిని తన విద్యార్థినులకు నేర్పెను. పరుగులు, గంతులు ఆడువారి శరీరమునకు తగవని పెద్దపెద్ద వైద్యులు సైతము చెప్పుచుండిన కాలమది. 1893 మార్చిలో ఆ కళాశాలయందలి మొదటి సంవత్సరపు బాలికలును రెండవ సంవత్సరపు బాలికలును పోటీ యాడినపుడు చూచుటకు పురుషులను లోనికి రానీయలేదు. అట్లు తలుపులు మూసికొని మొదలుపెట్టిన యాట 1976లో మాంట్రియలు ఒలింపిక్సున లోకమంతయు చూచుచుండగా స్త్రీల పోటీగా చేరినది. మన దక్షిణదేశమున ఇట్టి యాటల వ్యాప్తికి, హారీ క్రో బక్ గారు 1920లో మదరాసున స్థాపించిన వై.యం.సి.ఏ. వ్యాయామ కళాశాల యెంతయో తోడ్పడినది.

బంతియు ఆటతోపాటు మాఱినది. 1894 ప్రాంతమున స్పాల్డింగు సంస్థవారు దీనికై వేఱుగా బంతిని తయారుచేసిరి. ఆ కాలపు బంతులకు లోపలి రబ్బరుతిత్తిలో గాలి నింపి, పైతోలు చీలికను త్రాటితో అల్లి బిగించెడివారు. అల్లికయున్న వైపు నేలకు తగిలినపుడు బంతి యొకప్రక్కకు దుమికెడిది. నేటి బంతికి అల్లిక లేదు. లోపల బ్లాడరు అను రబ్బరుతిత్తి, దానిచుట్టు పట్టుపురుగు గూటివలె చుట్టిన దారము, దానిపైన తోలుగాని కృత్రిమపు తోలుగాని రబ్బరుగాని కప్పు, సూది దూరునంతటి చిన్న వాల్వు - ఇంతియే నేటి బంతి నిర్మాణము. ఈ మూడు పొరలను బిగబట్టి గుండ్రముగా నిలుపునది లోపలి గాలి.

గాలికి గల బలము

గాలికి బరువు లేదని తలంచుట పొరపాటు. మన నెత్తిపై ఆకాశమంతయు ఆవరించిన గాలి తన బరువుచే సముద్రతీరమున ప్రతి చదరపు అంగుళముమీదను 14.7 పౌండ్ల ఒత్తిడి కలిగించుచున్నది. అన్నివైపులనుండియు, మన శరీరము లోపలినుండియు అంతే ఒత్తిడి యుండుటచే అది మనకు తెలియదు. ఒకవైపు గాలిని తీసివేసినచో నది తెలియును. జర్మనీ దేశమున ఒట్టో ఫాన్ గెరిక్ అను నతడు రెండు లోహపు అర్ధగోళములను మూతివలె కలిపి, లోపలి గాలిని పంపుతో తోడివేసి, 1657లో మాగ్డెబర్గు పట్టణమున ఒకవైపు 8 గుఱ్ఱములను, మఱియొకవైపు 8 గుఱ్ఱములను కట్టి లాగించెను. వెలుపలి గాలి యొక్క యదుమునే ఆ గుఱ్ఱములు గెలువలేకపోయినవి.

బాస్కెట్‌బాలు ఈ గోళమునకు తలక్రిందు కథ. ఇచట లోపలి గాలి యెక్కువై వెలుపలికి త్రోయుచుండును. బాలికల బంతి చుట్టుకొలత సుమారు 28.5 అంగుళములు. దానిలో వెలుపలికంటె 8 పౌండ్లు ఎక్కువ ఒత్తిడి యున్నదనుకొందము. బంతిని నడిమికి రెండు చిప్పలుగా ఊహించినచో, ఆ రెండు చిప్పలను విడదీయుటకు లోపలి గాలి చేయు బలము 230 కిలోల బరువునకు మించును. నూరేసి కిలోల ధాన్యపు బస్తాలు రెండింటిని వ్రేలాడదీసినను అంత లాగుడుండదు. కుట్టుపని తెలిసిన మనకు సులభముగా బోధపడునట్లు చెప్పవలెనన్న, బంతి కప్పులోని ప్రతి యంగుళము మేరకును 8 కిలోల లాగుడు ఎల్లవేళల నుండును. గాలి 20 పౌండ్లకు పెరిగినచో ఆ లాగుడు 20 కిలోలగును. ఏ గుడ్డకైనను, ఏ కుట్టునకైనను ఓర్పున కొక మేర కలదుగదా!

బంతిమీది యంకె

వాల్వుప్రక్కన సన్నని అక్షరములతో 7 - 9 అనియు దాని పిమ్మట పి.యస్.ఐ. అనియు ఇంగ్లీషున అచ్చువేసి యుండును. చదరపు అంగుళమునకు ఇన్ని పౌండ్లని దాని యర్థము. వెలుపలి గాలి యొత్తిడిమీద అదనముగా లోపల నుండవలసిన దెంతయో ఆ యంకె తెలుపును. గేజి యను కొలతసాధనము చూపునదియు ఆ యదనమునే. కొన్ని బంతులపై 0.5, 0.6 వంటి యంకెలు కానవచ్చును. అది "బార్" అను కొలత. ఒక బారు పదునాలుగున్నర పౌండ్లకు సమానము. ఏ బంతి కా బంతి పై నున్న యంకెయే ప్రమాణము. అమెరికాలోని వృత్తి క్రీడాకారుల ఎన్.బి.ఏ. పోటీలలో ఏడున్నర మొదలు ఎనిమిదిన్నర వఱకు నుంచవలెనని నియమము. కావున అంకె చెరిగిపోయిన బాస్కెట్‌బాలునకు 7 మొదలు 8 వఱకు నుంచిన ప్రమాదము లేదు.

ఒకే పంపు, ఒకే సూది అన్ని బంతులకును సరిపోవుటచే ఒకే లెక్కయు సరిపోవునని పిల్లలు భ్రమపడుదురు. ఇది గొప్ప పొరపాటు. వాలీబాలునకు నియమము ప్రకారము నాలుగుంబాతిక మొదలు సుమారు నాలుగున్నర పౌండ్లు మాత్రమే యుండవలెను. బాస్కెట్‌బాలు లెక్కన దానికి 8 పౌండ్లు నింపినచో అది యాడువారి ముంజేతులను కందజేయును; తానును చెడును. ఫుట్‌బాలునకు ఎనిమిదిన్నర మొదలు పదునైదున్నర వఱకు నియమము లొప్పుకొనును. కారు టైరునకు 30 పౌండ్లకు పైగా నుండును. పళ్లెము చూచి కాక కడుపు చూచి వడ్డించినట్లు, ఏ బంతి యోర్పు దానికి చూడవలెను.

బంతి పరిమాణమును గూడ ఇచటనే చెప్పుట మంచిది. 7వ నంబరు బంతి పెద్ద మగపిల్లలది. చుట్టుకొలత సుమారు 29.5 అంగుళములు, బరువు 22 ఔన్సులు. 6వ నంబరు స్త్రీలకును బాలికలకును, 28.5 అంగుళములు, 20 ఔన్సులు. 5వ నంబరు ఇంకను చిన్నపిల్లలకు, 27.5 అంగుళములు. అన్నగారు ఆడి విడిచిన 7వ నంబరు బంతినే చెల్లెలి కిచ్చుట మన యిండ్లలో పరిపాటి. చిన్నచేతిలో నిలువని బంతి గట్టిగా గూడ నున్నచో, ఆ పిల్ల నాలుగు దినములలో "నాకీ యాట రాదు" అని మానుకొనును. తప్పు పిల్లది కాదు, బంతిది.

తక్కువైనను, ఎక్కువైనను

బంతి నేలను తాకినపుడు అడుగుభాగము కొంచెము చదునై, లోపలి గాలి యదుముకొనును. అదుముకొన్న గాలి వెంటనే చుట్టచుట్టిన తీగవలె విచ్చుకొని బంతిని పైకి తన్నును. గాలి తాను పుచ్చుకొన్న బలమును దాదాపు అంతయు తిరిగి యిచ్చును. రబ్బరును, దారమును, తోలును అట్లుగాక వంగినపుడెల్ల కొంత బలమును వేడిమిగా మార్చి పోగొట్టును. గాలి తక్కువైన బంతిలో కప్పు ఎక్కువగా వంగును. అందుచే బలము వ్యర్థమై బంతి లేవదు. దానిని లేపుటకై పిల్ల ప్రతి సారియు గట్టిగా చరువవలసి వచ్చి, మణికట్టును భుజమును త్వరలో అలసిపోవును. అదేచోట మాటిమాటికి మడతపడుటచే కప్పు అంటు వీడి, పగుళ్లు పుట్టును.

గాలి యెక్కువైన బంతి అడుగుభాగము చదును కాదు. అది నేలనుండి గోలీవలె ఎగురును. చేతి కందినపుడును అట్లే గట్టిగా తగులును. మెత్తని బంతి వ్రేలికొనకు తగిలినపుడు తానే కొంత లోనికి పోయి దెబ్బను తగ్గించును. గట్టి బంతి ఆ భారమంతయు వ్రేలి కీలుపై వేయును. బంతికిని అది క్షేమము కాదు. లోపలి దారములు ఒకటొకటిగా సాగి తెగుటచే ఒకచోట బుడిపె లేచును. ఆ పిమ్మట గాలి తీసి తగ్గించినను బుడిపె పోదు. బుడిపె లేచిన బంతిని సరిచేయు నుపాయము లేదు; అది యెప్పుడైనను పగులవచ్చును. గాలి తీసివేసి పాఱవేయవలెనే గాని, చిన్నపిల్లలకు ఆడుకొన నీయరాదు.

ఎండయు కొండయు

ఉదయము సరిగా నున్న బంతి మధ్యాహ్నమునకు గట్టిపడుటయు, రాత్రి వెలుపల విడిచినది తెల్లవాఱునప్పటికి మెత్తబడుటయు చూచి బంతికి చిల్లుపడినదని పంపు అందుకొనువారున్నారు. అది చిల్లు కాదు. మూసిన పాత్రలోని గాలి వేడెక్కినకొలది ఒత్తిడి పెరుగును, చల్లబడినకొలది తగ్గును. 30 డిగ్రీల వేడిమిలో 8 పౌండ్లు నింపిన బంతిలో 10 డిగ్రీలు పెరిగినపుడెల్ల సుమారు ముప్పాతిక పౌండు పెరుగును. వేసవి మధ్యాహ్నము ఎండలో మూసియుంచిన కారులో 60 డిగ్రీల వేడిమి కలిగినచో, అందులోని బంతి 10 పౌండ్లు దాటును. 15 డిగ్రీల చలిలో అదే బంతి 7 పౌండ్లకు దిగును. కావున ఆడబోవు చోటికి తెచ్చి, నీడలో ఒక యరగంట యుంచి, ఆ పిమ్మట కొలుచుట న్యాయము. ఎండలో కాగిన బంతిని కొలిచి గాలి తీసినను, చలిలో కొలిచి గాలి నింపినను లెక్క తప్పును. పొయ్యిదగ్గఱను, మేడమీది యెండలోను, కారు వెనుకపెట్టెలోను బంతి నుంచరాదు.

కొండయెక్కినపుడు వెలుపలి గాలి పలుచనగును. అందుచే లోపలి గాలిది పైచేయి యగును. విశాఖపట్టణమున సముద్రపుటొడ్డున 8 పౌండ్లు నింపిన బంతిని సుమారు 900 మీటర్ల యెత్తున నున్న అరకులోయకు కొనిపోయినచో, వేడిమి మాఱకున్న యెడల, గేజి సుమారు తొమ్మిదిన్నర చూపును. అచటి చల్లదనము అందులో కొంత తగ్గించును. విమానములో లోపలి గాలి యొత్తిడిని సుమారు 8000 అడుగుల యెత్తునకు తగినంతవఱకు తగ్గనిత్తురు. అపుడు బంతిలో నాలుగు పౌండ్లకు దగ్గఱగా పెరిగినట్లగును. కావున విమానప్రయాణమున సామానులో బంతి నుంచువారు ముందుగా సగము గాలి తీసివేయుట మేలు.

గాలి నింపు విధము

కావలసినవి మూడు: చేతిపంపు, సూది, గేజి. గేజితో కూడిన పంపులును దొరకును. సూదిని పంపునకు మరతో చివరవఱకు బిగింపవలెను. వాల్వుమీది దుమ్మును తడిగుడ్డతో తుడిచి, సూదికొనకు గ్లిసరిను చుక్కగాని, అది లేకున్న నీటిచుక్కగాని పూయవలెను. పొడిసూదిని బలవంతముగా త్రోసినచో వాల్వులోని రబ్బరు చీలుటయో, ఊడి లోపలికి పడుటయో జరుగును. అంతటితో బంతి పని తీరును. కిరసనాయిలు, వాజ్‌లైను, కుట్టుమిషను నూనె పూయరాదు. అవి రబ్బరును నానబెట్టి చెఱచును. ఉమ్మితో తడుపుట పిల్లల కలవాటు. ఒకరి నోటిలో పెట్టిన సూదిని మఱియొకరు పెట్టుకొనుట యారోగ్యము కాదు. సూది గొంతులోనికి జాఱు భయమును కలదు.

సూదిని నిలువుగా, నెమ్మదిగా దించవలెను. ఏటవాలుగా దింపినచో లోపలి తిత్తికి గ్రుచ్చుకొనును. బంతిని ఒకరు పట్టుకొనగా మఱియొకరు పంపు కొట్టుట మంచిది. పంపుతోపాటు సూది ఊగినచో విఱుగును. మొగము బంతిమీదికి వంచి యుంచరాదు. పూర్తిగా చప్పబడిన బంతికి రెండు మూడు విడతలుగా నింపి, నడుమ నడుమ చేతితో త్రిప్పి గుండ్రముగా వచ్చుచున్నదో లేదో చూడవలెను. గేజితో చూచునపుడెల్ల కొంచెము గాలి వెలుపలికి పోవుట సహజము. ఎక్కువైనచో తడిసూదిని మాత్రము దింపి, బంతిని మెల్లగా నొక్కి గాలి వదలవలెను. సూది తీసిన తరువాతనే బంతిని నేలకు కొట్టవలెను.

మంచి బంతియైనను రబ్బరు గుండ కొంచెము కొంచెముగా గాలి జాఱుచునే యుండును. కావున పదునైదు దినముల కొకసారి కొలిచి చూచుట చాలును. రెండు దినములలోనే చప్పబడుచున్నచో వాల్వుమీద సబ్బునురుగు పూసి చూడుడు. బుడగలు లేచినచో లోప మచటనే యున్నది. బంతిని తొట్టినీటిలో ముంచరాదు. తోలు ఉబ్బి కుట్లు వీడును.

పంక్చరు దుకాణపు యంత్రము

ఈ వ్యాసమున అన్నిటికంటె ముఖ్యమైన మాట యిది. చేతిపంపు లేనందున పిల్లలు బంతిని చంకబెట్టుకొని వీధికొననున్న పంక్చరు దుకాణమునకో, పెట్రోలు బంకునకో పరుగెత్తుదురు. అచటి కంప్రెసరు లారీటైర్లకు సయితము గాలి పట్టవలసిన యంత్రము. దాని తొట్టిలో 100 పౌండ్లకు పైగా ఒత్తిడి యుండుట సామాన్యము. బాస్కెట్‌బాలు కడుపు చాల చిన్నది. గుండ్రముగా నిలిచిన బంతిలో సుమారు 6 లీటర్ల గాలి పట్టును. దానిని 8 పౌండ్లకు తెచ్చుటకు ఇంక మూడు లీటర్ల పైచిలుకు గాలి చాలును. పావులీటరు గాలి పట్టు చేతిపంపుతో నిది పదుమూడు, పదునాలుగు పోట్ల పని. పోటునకు అర పౌండుకంటె కొంచె మెక్కువగా పెరుగుచుండగా చూచి ఆపవచ్చును. కంప్రెసరునకు అది యొకటి రెండు క్షణముల పని. "చాలు" అను మాట నోట వచ్చులోపల 8 కాస్తా 20 అగును. బంతి పగిలినచో ఆ చప్పుడు చెవులకును, ఎగిరిన వాల్వును ముక్కలును కన్నులకును అపాయము.

తప్పనిసరియై అచటికి పోయినచో పిల్లలను ఒంటరిగా పంపరాదు. ఒత్తిడి యెంత కావలెనో ముందుగా నిర్ణయింపదగిన యంత్రమైనచో 8కి నిలిపిన పిమ్మటనే గొట్టము తగిలింపవలెను. అట్టి యమరిక లేనిచో బంతి గుండ్రముగా నిలుచువఱకు మాత్రము రెప్పపాటు చొప్పున గాలి పట్టించి, తక్కినది ఇంటికి వచ్చి చేతిపంపుతో నింపుట క్షేమము.

ఇంకొక హెచ్చరిక. కంప్రెసరు గొట్టమును వేళాకోళమునకైనను మనుష్యుల శరీరమువైపు త్రిప్పరాదు. మొగమునకును, చెవికిని, నోటికిని, దేహమందలి యే రంధ్రమునకును దానిని పెట్టరాదు. ఇట్టి పరిహాసములవలన లోపలి యవయవములు చినిగి ప్రాణములు పోయిన సంగతులు మన దేశముననే జరిగినవి. పిల్లలు నవ్వులాటగా తలచు పనులలో ఇంతటి ఘోరమైనది మఱియొకటి లేదు. ఈ మాటను ఆడపిల్లలకును, మగపిల్లలకును సమానముగా చెప్పి యుంచుడు.

గేజి లేనిచో

గేజి లేని యింట గూడ కొలత యసాధ్యము కాదు. అంతర్జాతీయ నియమములలో చిరకాలముండిన పరీక్ష యొకటి యింటనే చేసికొనవచ్చును. సిమెంటు నేలగల చోట గోడమీద సుద్దతో 180 సెంటీమీటర్ల యెత్తున ఒక గీత, 120 సెంటీమీటర్లకడ ఒక గీత, 140 సెంటీమీటర్లకడ ఒక గీత గీయవలెను. బంతి యడుగు 180 గీతకు సరిగా నుండునట్లు పట్టుకొని, నేలకు కొట్టక, చేతులు విడిచిపెట్టవలెను. ఎగిరిన బంతి పైభాగము 120, 140 గీతల నడుమకు వచ్చినచో గాలి సరిపోయినది. 120కి అందనిచో తక్కువ. 140 దాటినచో ఎక్కువ. మట్టినేలమీద బంతి తక్కువగా లేచును గనుక ఆ నేలపై చేసిన పరీక్ష చెల్లదు. ఒకరు విడువగా మఱియొకరు గోడప్రక్కన కూర్చుండి కన్ను గీతకు సమముగా నుంచి చూడవలెను. మూడుమాఱులు చేసి చూచుట మంచిది. పిల్లల కిది యాటవలెనే యుండును.

వ్రేలికి దెబ్బ తగిలినచో

ఎంత జాగ్రత్త తీసికొన్నను ఒకప్పుడు బంతి వ్రేలికొనకు నేరుగా తగిలి కీలు వాచుట కలదు. అట్టి వేళ మన పెద్దలు వ్రేలిని పట్టి లాగుటయు, నూనెతో గట్టిగా మర్దించుటయు వాడుక. ఈ రెండును కూడవు. స్నాయువు తెగియున్నను, ఎముక చిట్లియున్నను లాగుటవలన హాని హెచ్చగును. ఉంగరమున్నచో వాపు రాకముందే తీసివేయవలెను. మంచుగడ్డను గుడ్డలో చుట్టి పదునైదు నిమిషములు పెట్టి, చేతిని ఎత్తుగా నుంచి, దెబ్బ తగిలిన వ్రేలిని ప్రక్కవ్రేలితో జేర్చి మెత్తగా కట్టవలెను. వ్రేలు వంకరగా కనిపించినను, మొద్దుబాఱినను, వ్రేలికొన వంగి తనంత తాను నిలువలేకున్నను ఆ దినముననే వైద్యునికి చూపవలెను. కొన వంగిపోయిన వ్రేలిని బద్దకట్టి 6 మొదలు 8 వారములవఱకు ఎడతెగక చాపియుంచినచో సాధారణముగా సరియగును. ఆలసించినచో ఆ వంకర యట్లే నిలిచిపోవచ్చును. కంటికి దెబ్బ తగిలినచో నలుపక, నొక్కక, వెంటనే కంటివైద్యుని కడకు కొనిపోవలెను.

ఇంటివారి పని

బంతి కొన్ననాడే చేతిపంపును, రెండు సూదులను, గేజిని కొనుట మంచి యిల్లాలి లెక్క. బంతి యొకటి చెడిన తిరిగి కొనుటకగు ఖర్చుతో పోల్చిన నవి చవుక. పంపు, సూదులు చిన్నపిల్లల కందనిచోట పెట్టుడు. వంటయింటి గోడనున్న క్యాలెండరులో పాలలెక్క వ్రాసికొన్నట్లే, బంతిని కొలిచిన తేదియు అంకెయు వ్రాయించుడు. ఆ వ్రాయుపనిని, కొలుచుపనిని ఆటాడు కుమార్తెకే యప్పగింపుడు. సామాన్యముగా మన యిండ్లలో పంపు కొట్టుట మగపిల్లవాని పనియనియు, ఆడపిల్ల బంతి చేతికిచ్చినపుడు ఆడవలసినదనియు ఒక యేర్పాటు తెలియకయే జరిగిపోవుచున్నది. అన్న యూరలేనినాడు ఆమె బంతి మూలబడి యుండును. పంపు కొట్టుటకు కావలసినది కండబలము కాదు. పదుమూడు పోట్లును, యంకె చదువగల కన్నును. ఆ రెండును ఆమెకు కలవు.

పెండ్లి వయసు వచ్చులోపల కొలది యేండ్లు మాత్రమే యాడుకొను పిల్ల యని కొందఱు తల్లులు ఈ యాటల సంగతి పట్టించుకొనరు. ఆ కొలది యేండ్లలో గట్టిపడిన యెముకలు, నిలుకడ నేర్చిన కాళ్లు, పదిమందితో కలసి గెలుపోటములను సహించిన మనస్సు ఆమె వెంట జీవితమంతయు వచ్చును. వాచిన వ్రేలి భయముచేతనో, లేవని బంతి విసుగుచేతనో ఆమె ఆట విడిచిన నాడు ఆ నష్టమును ఎవ్వరును లెక్క వ్రాయరు. కావున సోదరీమణులారా, నేటి సాయంకాలము మీ యింటి బంతిని ఒకసారి చేతికి తీసికొని, వాల్వుప్రక్కన నున్న యంకెను మీ యమ్మాయిచేత చదివింపుడు. సిమెంటు వసారాగోడకు మూడు సుద్దగీతలు గీయింపుడు.